పూడికతీత పనుల్లో నీటి తాబేళ్ళ రక్షణ: వల వేయక ముందే తేల్చుకోవలసినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ సంరక్షణలో ఉన్న చిత్తడి నేలలో పూడిక తీయాలి, బలహీనపడ్డ గట్టును సరిచేయాలి, నీటి మీదికి అల్లుకుపోయిన జమ్మును కోయాలి. అక్కడ తాబేళ్ళు ఉన్నాయని అందరికీ తెలుసు. యంత్రాలు దిగే ముందు వలలు వేసి, దొరికినన్ని పట్టి, దగ్గర్లోని మరో చెరువులో వదిలేస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

ఇలాంటి పనుల దగ్గర జంతువుల రక్షణ బాధ్యతను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ముందే చెబుతాను: పట్టడంతో మొదలుపెట్టకండి. ఎన్ని వలలు వేసినా దొరికేవి చురుకుగా తిరిగే తాబేళ్ళే. యంత్రం కింద పడేవి మాత్రం బురదలోనూ, గట్టు అంచులోనూ, గడ్డి దుబ్బుల కిందా కదలకుండా ఉన్నవి. పని ఏ నెలలో చేస్తారు, నీటిని ఎంత నెమ్మదిగా దించుతారు, తీసిన బురదను ఎక్కడ పోస్తారు అన్న మూడు నిర్ణయాలే వాటిని బతికిస్తాయి. ఆ మూడూ కుదిరాక మిగిలిపోయే కొద్దిపాటి పనే పట్టడం.

నాలుగు తాబేళ్ళ కోసం ఇంత ఆలస్యమా అని కాంట్రాక్టరు తప్పకుండా అడుగుతారు. ఆయనకు చెప్పడానికి సూటి జవాబే ఉంది. చేపలు, కప్పలు ఒక్క ఋతువులో వేలకొద్దీ గుడ్లు పెట్టి నష్టాన్ని కొద్ది ఏళ్ళలోనే పూడ్చుకుంటాయి. తాబేలు లెక్క వేరు. దాని గుడ్లలో, పిల్లల్లో చాలా భాగం ఇతర జంతువుల నోట పడుతుంది. పెద్దదైన ఆడ తాబేలు దశాబ్దాల పాటు గుడ్లు పెడుతూ ఉండడం వల్లే సంతతి నిలుస్తుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఈ.ఎస్. జార్జ్ రిజర్వ్ అనే చోట బ్లాండింగ్స్ అనే జాతి తాబేళ్ళకు 1950ల నుంచి గుర్తులు వేసి గమనిస్తూ వచ్చారు. అక్కడ ఆడది మొదటిసారి గుడ్లు పెట్టే సరికి దానికి 14 నుంచి 20 ఏళ్ళు వస్తాయి. 1954లో గుర్తు వేసిన ఒక ఆడ తాబేలు 2016లో మళ్ళీ దొరికినప్పుడు దాని వయసు కనీసం 83 ఏళ్ళని తేలింది. జస్టిన్ కాంగ్డన్, ఆయన సహ పరిశోధకులు అప్పటిదాకా అక్కడ చేరిన సమాచారాన్ని విశ్లేషించి 1993లో తేల్చిన విషయం ఏమిటంటే, పెద్ద తాబేళ్ళలోనూ ఎదిగే వయసులో ఉన్నవాటిలోనూ మరణాలు ఏటా కాస్త పెరిగినా ఇలాంటి జాతి తట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం తవ్వే యంత్రం బకెట్ కింద అయిదారు ఆడ తాబేళ్ళు పోతే ఆ లోటు మరుసటి ఏడాది ఎవరి కంటికీ కనిపించదు. ఇరవై ఏళ్ళ తరువాత చెరువు ఖాళీగా ఉన్నప్పుడు దానికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు పని నెల సంగతి. చలి గట్టిగా ఉండే ప్రాంతాల్లో చాలా జాతులు శీతాకాలమంతా నీటి అడుగున, బురదలో సగం కూరుకుని, సుప్తావస్థలో గడుపుతాయి. ఉత్తర అమెరికాలోని పెయింటెడ్ తాబేలు మంచు కప్పిన చెరువు అడుగున దాదాపు ఆక్సిజన్ లేకుండానే నెలల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని డిప్పలోని ఖనిజ లవణాలు తటస్థం చేస్తాయి. మెత్తటి డిప్ప తాబేళ్ళకు అంత ఓర్పు లేదు. అవి చర్మం గుండా నీటిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటూ చలికాలం గడపాలి కనుక, వాటి మీద మడ్డి పేరుకున్నా, తాజా నీరు రావడం ఆగిపోయినా ప్రాణాపాయమే. ఏ రకమైనా సరే, ఆ చల్లదనంలో కండరాలు సాగవు. యంత్రం దగ్గరికి వస్తున్నా అది పక్కకు జరగలేదు. వేడి ప్రాంతాల్లో ఎండాకాలం ఇదే పరిస్థితి తెస్తుంది. భారత ఉపఖండంలో విస్తారంగా కనిపించే, వెనక కాళ్ళను పొట్ట కింది రేకులతో మూసుకునే లిస్సెమిస్ పంక్టాటా అనే తాబేలు, నీరు ఎండినప్పుడు బురదలోకి దిగి వాన కోసం ఎదురుచూస్తుంది. ఆస్ట్రేలియా తూర్పు భాగంలోని పొడుగు మెడ తాబేలు నీటిని వదిలి అడవిలోకి నడిచి, రాలిన ఆకుల కింద నెలల తరబడి కదలకుండా ఉండగలదు. కాబట్టి చెరువు ఎండిపోయింది, ఇక ఏ జంతువూ ఉండదు, తవ్వడానికి ఇదే అదను అనుకోవడం ఈ రంగంలో నేను చూసిన పొరపాట్లన్నిటిలోకీ ఖరీదైనది.

నీటిలో తవ్వకానికి అనువైన కాలం ఏదంటే, తాబేళ్ళు మేలుకుని, ఒళ్ళు వేడిగా ఉండి, పారిపోగల స్థితిలో ఉన్న కాలం. అందులో నుంచి ఆడవి గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే వారాలను తీసేయండి. చలి దేశాల్లో అయితే సాధారణంగా వేసవి చివరి నుంచి తొలి చలి దాకా కొన్ని వారాలు మిగులుతాయి. ఎండాకాలంలో నీరింకిపోయే చోట్ల మాత్రం, అడుగున ఇంకా తగినంత నీరుండి, తాబేళ్ళు బురదలోకి దిగక ముందే పని ముగించాలి. గట్టు పనికి కాలం వేరుగా లెక్క వేయాలి, ఎందుకంటే గుడ్లు మట్టిలో రెండు మూడు నెలలు ఉంటాయి, కొన్ని జాతుల పిల్లలు గుడ్డు నుంచి బయటికి వచ్చాక కూడా చలికాలమంతా గూటిలోనే ఉండిపోతాయి. రెండు పనులకూ ఒకే నెల కుదరకపోతే రెండు విడతలుగా చేయండి. ఇంకా మంచి పద్ధతి, ఈ ఏడాది చెరువులో ఒక సగం, మరో ఏడాది మిగతా సగం పూడిక తీయడం. ముట్టుకోని సగంలో తాబేళ్ళకు బురద, మొక్కలు, తిండి అన్నీ మిగిలి ఉంటాయి. ఈ ఒక్క మాటకు ఒప్పుకుంటే నేను కింద రాసిన వాటిలో సగం ఇబ్బందులు రావు.

నీటిని దించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తూము పూర్తిగా ఎత్తేసి రెండు రోజుల్లో చెరువు ఖాళీ చేస్తే తాబేళ్ళు బయటికి వెళ్ళవు, ఉన్న చోటే బురదలోకి దిగిపోతాయి. రోజుకు ఒక జానెడు మించకుండా దించుతూ, అడుగున ఒక లోతైన మడుగును మాత్రం చివరిదాకా వదిలేస్తే అవి నీటితో పాటు ఆ మడుగు వైపు జరుగుతాయి. ఆ మడుగు పనికి అడ్డం రాని మూలలో ఉండేలా ముందే చూసుకోవాలి. నీటి నుంచి బయటికి నడిచి వెళ్ళేవీ ఉంటాయి. ఆ రోజుల్లో పక్కనున్న రోడ్డు మీద, బండ్లు తిరిగే దారి మీద తెల్లవారుజామున, సాయంత్రం ఒక మనిషి నడిచి చూడాలి. పంపుతో తోడుతున్నట్టయితే సక్షన్ గొట్టాన్ని నేరుగా నీటిలో వేయవద్దు. చిల్లులు ఒక సెంటీమీటరు కన్నా చిన్నవైన మెష్‌తో పెద్ద పంజరంలా కట్టి, గొట్టం మూతి దాని నడుమ ఉండేలా వేలాడదీయాలి. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల డిప్ప చాలా జాతుల్లో రెండున్నర, మూడు సెంటీమీటర్లే ఉంటుంది. పంజరం ఎంత పెద్దదైతే దాని గోడల దగ్గర లాగుడు అంత తగ్గుతుంది. గొట్టానికే మెష్ చుట్టేస్తే పిల్ల లోపలికి పోదు గానీ దానికే అతుక్కుని మునిగి చనిపోతుంది. చలికాలంలో, తాబేళ్ళు నిద్రలోకి వెళ్ళాక మాత్రం ఏ కారణం చేతనూ నీటి మట్టం దించకండి. ఒక చోట గట్టు మరమ్మతు కోసం గడ్డకట్టే చలిలో నీరు వదిలేశారు. నన్ను పిలిచే సరికి బయటపడ్డ బురద పైపొర మంచుగా మారింది, అందులో డిప్పలు గులకరాళ్ళలా పొడుచుకు వచ్చి ఉన్నాయి. వాటిలో బతికినవి చాలా తక్కువ.

తవ్వకం మొదలయ్యాక అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి ఎక్స్‌కవేటర్ ఆపరేటరు. మొదటి రోజు ఉదయం ఆయనతో పావుగంట కూర్చుని, ఆ చెరువులో ఉండే తాబేలు బురద పూసుకుని ఎలా ఉంటుందో ఫొటో చూపించండి. ఎవరో పర్యావరణం పేరుతో తన పని ఆపడానికి వచ్చారని కాకుండా, తన సాయం కోసం వచ్చారని ఆయనకు అనిపిస్తే, ఆ తరువాత మీ కంటికి పడని తాబేళ్ళను ఆయనే చూసి ఆపుతారు. పొడవైన బూమ్ (బకెట్‌ను మోసే చేయి) ఉన్న యంత్రంతో ఒక ఒడ్డు మీద నుంచే పని చేయించాలి, చెరువు అడుగున బండి తిరగకూడదు. బకెట్ తప్పించుకున్న తాబేలును యంత్రం నడిచే చైను నలిపేస్తుంది. ఒక చివర నుంచి మొదలుపెట్టి మిగిలి ఉన్న నీటి వైపు నెమ్మదిగా జరగాలి. రెండు చివరల నుంచి ఒకేసారి తవ్వుకుంటూ వస్తే జంతువులు నడుమ చిక్కుకుంటాయి. కలుపు తీసేటప్పుడు అడుగున పళ్ళు, సందులు ఉన్న బకెట్ వాడితే నీరూ చిన్న జీవులూ కొంతవరకు కిందికి జారిపోతాయి.

తీసిన బురదను నేరుగా టిప్పర్‌లో పోయవద్దు. నీటికి దగ్గరగా, ఒడ్డు వాలు మీద, మోకాలి లోతుకు మించకుండా పరిచి, కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు వదిలేయాలి. వేసిన వెంటనే ఒకరు కర్ర పార, పొడవాటి పళ్ళ రేక్ పట్టుకుని ఆ పొరను మెల్లగా కెలుకుతూ వెతకాలి. పార అంచు డిప్పకు తగిలితే రాయికి తగిలినట్టు గట్టి శబ్దం రాదు, కాస్త బోలుగా వినిపిస్తుంది. ఒకసారి ఇద్దరం మూడు సార్లు వెతికిన కుప్ప అది, ఏమీ లేదని రాసుకున్నాం. మర్నాడు పొద్దున చూస్తే బురద పై పొరలో పిడికిలి పట్టేంత గుంట, అక్కడి నుంచి నీటి దాకా ఒక దారి ఉన్నాయి: రెండు వైపులా గోళ్ళ గీతలు, నడుమ పొట్ట ఈడ్చిన నున్నటి చార, నీటి అంచు దగ్గర ఒక చోట అది ఆగి ఊపిరి తీసుకున్నట్టు కాస్త లోతైన ముద్ర. అలాంటి దారులు ఆ ఒడ్డు మీద ఏడు లెక్కపెట్టాం. ముందు రోజు సాయంత్రమే ఆ బురదను లారీకి ఎత్తి ఉంటే ఆ ఏడూ ఎక్కడో పొలంలోనో, గుంటలోనో పూడిపోయేవి. అప్పటి నుంచి కుప్పను ఒక రాత్రి వదలడం అన్న షరతును ఒప్పందంలోనే రాయించుకుంటున్నాను, ఎందుకంటే ఖర్చు విషయం తరువాత మాట్లాడుకుందాం అనుకుంటే లారీ అప్పటికే వచ్చి నిలబడి ఉంటుంది.

జమ్మూ గడ్డీ కోయడం తేలిక సంగతి. కత్తిని నేల నుంచి 15 సెంటీమీటర్లకు పైన ఉంచి, బండిని నెమ్మదిగా నడిపించి, పొడి నేల వైపు నుంచి నీటి వైపు కోసుకుంటూ వస్తే తాబేలు తప్పుకుని నీటిలోకి జారుకునే దారి ఉంటుంది. కోసిన దుబ్బును కూడా బురదలాగే ఒక రాత్రి ఒడ్డున వదలాలి.

గట్టు దగ్గర మాత్రం చూపు బాగా పెట్టాలి. గుడ్లు పెట్టే ఆడ తాబేలు ఎండ తగిలే, గడ్డి పలచగా ఉన్న చోటు ఎంచుకుని, మూత్రాశయంలోని నీటితో నేలను తడిపి, వెనక కాళ్ళతో సీసా ఆకారంలో గుంట తవ్వుతుంది. గుడ్లు పెట్టాక మట్టిని లోపలికి లాగి అదే కాళ్ళతో అదిమి, పొట్టతో నున్నగా రుద్ది వెళ్ళిపోతుంది. మొదటి కొన్ని గంటలు అక్కడ అరచేయి వెడల్పున తడి మచ్చ ఒకటి కనిపిస్తుంది. ఎండెక్కాక అది కూడా ఉండదు. అందుకే గుడ్లు పెట్టే కాలంలో గట్టును పొద్దున్నే నడిచి చూసి, దొరికిన గూటికి నాలుగు మూలలా కొయ్యలు పాతి, యంత్రం తిరగకుండా తాడు కట్టాలి. ఎంత దూరం దాకా వెతకాలంటే, మీరు అనుకునే దాని కన్నా ఎక్కువ. విన్సెంట్ బర్క్, విట్‌ఫీల్డ్ గిబ్బన్స్ అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఒక చిత్తడి నేల చుట్టూ తాబేళ్ళ గూళ్ళనూ అవి నేల మీద సుప్తావస్థలో ఉండే చోట్లనూ కొలిచి 1995లో ప్రచురించారు. 90 శాతం స్థలాలు రక్షణలోకి రావాలంటే నీటి అంచు నుంచి 73 మీటర్లు, అన్నీ రావాలంటే 275 మీటర్లు వదలాలని తేలింది. మీరు తెప్పించే ఇసుక, కంకర కుప్పలను కూడా ఈ పరిధిలో పెట్టకండి. వదులుగా, ఎండలో వేడెక్కి ఉండే కుప్ప ఆడ తాబేలుకు అచ్చమైన గూడుగా కనిపిస్తుంది. పెట్టక తప్పకపోతే గట్టి బట్టతో అంచుల దాకా కప్పి ఉంచండి.

గూటిని కదల్చడం ఆఖరి మార్గం, అదీ అనుమతీ అనుభవమూ ఉన్నవారి చేతుల్లోనే. గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తరువాత గుడ్డును తిప్పితే పిండం చనిపోవచ్చు. అందుకని తీసే ముందు ప్రతి గుడ్డు పైభాగాన పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క ఎప్పుడూ పైకే ఉండేలా, అదే లోతులో మళ్ళీ పాతాలి. లోతు విషయంలో నేను పట్టుబట్టడానికి కారణం ఉంది: యూరప్ చెరువు తాబేలు, ఎర్ర చెవి తాబేలు లాంటి చాలా జాతుల్లో పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే వేడి మీద ఆధారపడుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. ఉన్న గూటి మీద గట్టు బలానికని మరో అడుగు మట్టి పోసినా ఆ వేడి మారిపోతుంది, పిల్లలు పైకి రాలేక లోపలే చనిపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

పని స్థలం చుట్టూ తాత్కాలిక కంచె వేయడం మంచిదే, కానీ అది మీరు రోజూ చూసుకోగలిగితేనే. నేల పైన 60 సెంటీమీటర్ల ఎత్తు, నేలలోకి 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు ఉండి, గోడలా నున్నగా ఉండే బట్ట వాడాలి. వల కంచె అయితే తాబేళ్ళు ఎక్కేస్తాయి. మట్టి కొట్టుకుపోకుండా పరిచే సన్నని ప్లాస్టిక్ వలలను ఒడ్డు మీద వాడనే వద్దు, వాటిలో తలలు, కాళ్ళు ఇరుక్కుంటాయి. కంచె తగిలిన తాబేలు దాన్ని దాటడానికి దాని వెంబడే గంటల తరబడి అటూ ఇటూ నడుస్తుంది, మధ్యాహ్నం ఎండలో అలా నడిచి వడదెబ్బ తగిలి చనిపోతుంది. ఉదయం యంత్రం స్టార్ట్ చేయక ముందు, ఎండ ముదరక ముందు, సాయంత్రం పని ఆగాక రెండు వైపులా నడిచి చూడాలి. మనిషి లేకపోతే కంచె లేకపోవడమే మేలు.

ఇప్పుడు మీరు అడిగిన పట్టి వదలడం. అది చేయవలసి వస్తే ముందుగా మీ ప్రాంతంలో వన్యప్రాణుల చట్టం చూసే కార్యాలయం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చాలా దేశాల్లో మంచి ఉద్దేశంతో పట్టినా అనుమతి లేకపోతే నేరమే. గొట్టపు వలలు వాడితే పై భాగం నీటి పైన ఉండేలా కొయ్యలకు కట్టి, నీరు పెరిగినా మునగకుండా లోపల ఖాళీ సీసాలు పెట్టాలి, ఎందుకంటే తాబేలు గాలి పీల్చే జంతువు, వెచ్చటి నీటిలో మునిగిన వలలో అది కొద్ది గంటల్లోనే చనిపోతుంది. వేరే చెరువులో మాత్రం వదలవద్దు. పెద్ద తాబేలుకు తన నీరు, తన దారులు గుర్తుంటాయి. వెనక్కి రావడానికి రోడ్లు దాటి నడుస్తుంది. అంతకన్నా భయపడవలసినది రోగం. 2015లో ఆస్ట్రేలియాలోని బెల్లింజర్ నదిలో అంతకు ముందు ఎవరికీ తెలియని ఒక వైరస్ వల్ల, ఆ నదిలో తప్ప మరెక్కడా లేని ఒక తాబేలు జాతిలో పెద్దవాటిలో చాలా భాగం కొన్ని వారాల్లోనే చనిపోయాయి. ఒక చెరువు తాబేలును మరో చెరువులో కలపడం అంటే దాని ఒంట్లో ఉన్నవన్నీ అక్కడ కలపడమే. కాబట్టి పట్టినదాన్ని అదే చెరువులో పని జరగని సగంలో, అదే రోజున వదలండి. అంతవరకూ నీడలో, మూతకు గాలి రంధ్రాలున్న టబ్బులో, తడి గోనె మీద, ఒక్కోదాన్ని విడిగా ఉంచాలి. నీటిలో ముంచి ఉంచవద్దు. తోకతో ఎప్పుడూ ఎత్తవద్దు, వెన్ను దెబ్బతింటుంది. వలలు, బూట్లు, టబ్బులు మరో చెరువు నుంచి వచ్చినవైతే బాగా కడిగి, మందు నీళ్ళతో శుద్ధి చేసి, ఎండబెట్టాకే మీ నీటిలో పెట్టండి. తాబేళ్ళ ఒంటి మీద మనుషులకు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు కనుక పట్టుకున్న వాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పట్టినవాటిలో ఎవరో పెంచి వదిలేసిన పరాయి జాతి, ముఖ్యంగా ఎర్ర చెవి తాబేలు ఉంటే, తిరిగి నీటిలో వదలక ముందు అధికారులను అడగండి.

ఇంత చేసినా ఒకటో రెండో దెబ్బ తింటాయి. డిప్ప పగిలి రక్తం కారుతున్న తాబేలు చనిపోయిందని పక్కన పడేయవద్దు. దాని గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది, కదలిక లేకపోయినా ప్రాణం ఉండవచ్చు, పగిలిన డిప్పలు సరైన చికిత్సతో అతుక్కుంటాయి. నీటిలో పెట్టకుండా పొడి గుడ్డ పరిచిన పెట్టెలో ఉంచి, దొరికిన చోటు, సమయం పెట్టె మీద రాసి, సరీసృపాలకు చికిత్స చేయగల పశువైద్యుడి దగ్గరికి అదే రోజు చేర్చండి. గర్భంతో ఉన్న ఆడది బతకకపోయినా వైద్యులు లోపలి గుడ్లను తీసి పొదిగించగలరు. సుప్తావస్థలో ఉండగా తవ్వకంలో బయటపడ్డదాన్ని వేడి గదిలో పెట్టకండి, తిరిగి చల్లటి నీటిలోకీ విసరకండి. గడ్డకట్టని చల్లటి చోట ఉంచి నిపుణులను పిలవాలి. ఇలాంటి వైద్యుడి నంబరు పని మొదలయ్యే ముందే ఆపరేటరు ఫోనులోనూ ఉండాలి.

దొరికిన ప్రతి తాబేలు ఫొటో, కొలత, చోటు రాసి పెట్టుకోండి, కానీ ఆ చోటు పేరు బయట ఎక్కడా పెట్టకండి. అక్రమంగా పట్టి అమ్మేవాళ్ళు అలాంటి సమాచారం కోసమే వెతుకుతుంటారు. గట్టుకు రాతి కట్టు వేయక తప్పకపోతే అక్కడక్కడ మట్టి వాలు వదిలేయండి, లేకపోతే ఆడవి ఒడ్డెక్కలేవు, పిల్లలు రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. పూడికతో పాటు బయటికి తీసిన చెట్టు మొద్దుల్లో కొన్నింటిని ఒక చివర నీటిలో, మరో చివర ఎండలో ఉండేలా తిరిగి పడేయండి. పని ముగిసిన తరువాత వచ్చే మొదటి సుప్తావస్థ కాలంలో తూము మట్టాన్ని ఎవరూ కదపకుండా తాళం వేయించండి. అడుగు కొత్తది, లోతులు మారాయి, తాబేళ్ళు ఆ ఏటి నీటి మట్టాన్ని చూసే తమ చోటు ఎంచుకుని ఉంటాయి. మట్టంలో చేయవలసిన సర్దుబాట్లన్నీ అవి మళ్ళీ మొద్దుల మీదికి ఎక్కి ఎండ కాగడం మీ కళ్ళతో చూశాకే చేయండి.